2025 హర్లింగ్ సీజన్: కార్క్ ఇరవై ఏళ్ల కరవు ఈసారైనా తీరేనా?

షాండన్ గంట (కార్క్)
ఏప్రిల్ 7, 2025

నిన్న మా ఊరి మైదానం పార్క్ ఈ కీవ్‌లో హర్లింగ్ (ఐరిష్‌వాళ్ల కర్రబంతి ఆట) లీగ్ ఫైనల్ చూసి వచ్చాను. గొంతు ఇంకా పెగలడం లేదు, అందుకే రాస్తున్నాను. కార్క్ 3-24, టిప్పరరీ 0-23. కార్క్ లీగ్ గెలవడం 1998 తర్వాత ఇదే. లీగ్ కప్పు చూసి పొంగిపోకూడదని ఇక్కడివాళ్లే చెబుతారు. అసలు పండుగ అఖిల ఐర్లండ్ విజేతకిచ్చే లియామ్ మెకార్తీ కప్పు. అది కార్క్ గడప తొక్కి ఇరవై ఏళ్లయింది. 2005లో చివరిసారి. ఆ తర్వాత 2006లో, 2013లో, 2021లో, 2024లో ఫైనల్ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. నిరుడు క్లేర్ చేతిలో అదనపు సమయంలో ఒక్క పాయింటు తేడా: 3-29, 1-34. ఆ రాత్రి డబ్లిన్ నుంచి వచ్చే రైలులో పెట్టె నిండా మనుషులున్నా, మాట్లాడినవాడు టికెట్లు చూసే ఉద్యోగి ఒక్కడే.

నిరుడు మ్యాచ్‌కొక చర్చ తెరిచి నిర్వాహకుల చేత చీవాట్లు తిన్నాం. ఈసారి సీజన్ అంతటికీ ఇదొక్కటే.

బెజవాడ శ్రోత (విజయవాడ)
ఏప్రిల్ 7

మా తమ్ముడు కార్క్‌లో ఉంటాడు. ఆదివారం ఫోను చేస్తే ఎత్తడు. ఎత్తినా వెనుక నుంచి ఊరంతా అరుస్తున్నట్టు చప్పుడు. ఈ 3-24 ఏమిటో దయచేసి ఎవరైనా చెబుతారా? మూడు వికెట్లకు ఇరవై నాలుగు పరుగులనుకుని, ఇంత నెమ్మదిగా ఆడితే ఎలా అని వాడితో అన్నాను. అప్పటి నుంచి నాతో ఆట సంగతులు మాట్లాడడం మానేశాడు.

షానన్ ఒడ్డు (లిమరిక్)
ఏప్రిల్ 8

శ్రోత గారూ, మొదటి అంకె గోల్స్, రెండోది పాయింట్లు. గోలు స్తంభాలు రెండూ పైకి నిలువుగా పోతాయి, మధ్యలో అడ్డంగా ఒక బార్. బంతి బార్ కింద నుంచి వలలోకి వెళితే గోల్, దాని విలువ మూడు. బార్ మీదుగా స్తంభాల మధ్య నుంచి వెళితే ఒకటి. కాబట్టి 3-24 అంటే ముప్పై మూడు. అవతల 0-23 అంటే ఇరవై మూడే. పది తేడా.

జట్టుకు పదిహేను మంది, ముప్పై అయిదేసి నిమిషాల రెండు భాగాలు. చేతిలో యాష్ చెట్టు కర్ర. మా దక్షిణ ప్రాంతం మన్‌స్టర్‌లో దాన్ని హర్లీ అంటాం, కిల్‌కెన్నీ వైపు హర్ల్ అంటారు, ఈ ఒక్క అక్షరం మీద పెళ్లి సంబంధాలు తప్పిపోయాయని చెప్పినా నమ్ముతాను. బంతి పేరు స్లిటర్. చేత్తో పట్టుకుని నాలుగు అడుగులకు మించి నడవకూడదు, కర్ర చివర నిలబెట్టుకుంటే ఎంత దూరమైనా పరుగెత్తవచ్చు. ఇంతమందిలో ఒక్కరికీ జీతం లేదు. ఆదివారం ఎనభై వేల మంది ముందు ఆడినవాడు సోమవారం బడిలో లెక్కలు చెబుతుంటాడు.

లిఫీ తీరం (డబ్లిన్)
ఏప్రిల్ 8

ఇప్పుడు ఎవరో ఒకరు వచ్చి ‘ఇది మన బిళ్లంగోడు లాంటిదే కదా’ అంటారు. ముందే చెబుతున్నాను, కాదు. బిళ్లంగోడులో బిళ్ల మాత్రమే గాలిలోకి లేస్తుంది. ఇక్కడ మనుషులు లేస్తారు.

బెజవాడ శ్రోత (విజయవాడ)
ఏప్రిల్ 8

అదే రాయబోయాను, ఆగిపోయాను. బయటి దేశాల నుంచి వెళ్లినవాళ్లు ఎవరైనా ఇది ఆడతారా?

షాండన్ గంట (కార్క్)
ఏప్రిల్ 9

2005లో కార్క్ చివరిసారి కప్పు ఎత్తినప్పుడు, ఎత్తిన చేతులు ఎవరివో తెలుసా? షాన్ ఓగ్ ఓ హాల్పీన్. తల్లిది ఫిజీలోని రొటుమా ద్వీపం. తనూ ఫిజీలోనే పుట్టి, సిడ్నీలో పెరిగి, 1988లో పదేళ్ల పిల్లవాడిగా కార్క్ వచ్చాడు. కెప్టెన్‌గా కప్పు అందుకుని ప్రసంగం మొత్తం ఐరిష్‌లోనే చేశాడు. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు, మా వీధి క్లబ్బులో కమోగీ ఆడుతుంది (ఆడపిల్లల హర్లింగ్‌ను అలా అంటారు). నాన్నకు కర్ర పట్టడం రాదని దానికి ఎప్పుడూ చిన్నచూపే.

నీలంపసుపు (క్లాన్‌మెల్)
ఏప్రిల్ 9

టిప్పరరీ తరఫున ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నట్టున్నాను. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, అందుకే ఆలస్యం. నిరుడు మేము మన్‌స్టర్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు, అయిదు జట్లలో అట్టడుగు. థర్లెస్‌లో, మా సొంత మైదానంలో, కార్క్ చేతిలో 18 పాయింట్ల తేడాతో ఓడినప్పుడు మెట్ల మీద ఎటు చూసినా కార్క్ ఎర్ర చొక్కాలే. ఈ ఆటల సంఘం 1884లో పుట్టింది ఆ ఊళ్లోనే. పుట్టింటివాళ్లే ఇల్లు విడిచిపోయినట్టు అనిపించింది ఆ రోజు. కాబట్టి లీగ్ ఫైనల్‌లో పది తేడాతో ఓడడం నాకు పెద్ద బాధ కాలేదు. కనీసం ఫైనల్ దాకా వెళ్లాం.

షానన్ ఒడ్డు (లిమరిక్)
ఏప్రిల్ 21

ఈస్టర్ ఆదివారం రెండు మ్యాచ్‌లు, రెండూ సమం. థర్లెస్‌లో టిప్పరరీ 2-23, లిమరిక్ 2-23. ఎన్నిస్‌లో క్లేర్ 3-21, కార్క్ 2-24. షాండన్ గంట గారూ, అంత ఆధిక్యం చేతిలో పెట్టుకుని ఎలా జారవిడిచారు?

పద్ధతి తెలియనివాళ్ల కోసం: మన్‌స్టర్‌లో అయిదు కౌంటీలు, తూర్పున లెన్‌స్టర్‌లో ఆరు. ఒక్కొక్క చోటు నుంచి మూడేసి జట్లు ముందుకు పోతాయి. మొదటి రెండూ ప్రాంతీయ ఫైనల్ ఆడతాయి. గెలిచినవాళ్లు నేరుగా సెమీఫైనల్‌కు, ఓడినవాళ్లు క్వార్టర్ ఫైనల్‌కు. మూడో స్థానం వాళ్లు ఇంకో మెట్టు కింద నుంచి ఎక్కి రావాలి. మన్‌స్టర్‌లో అయిదుగురూ అయిదుగురే, ఎవరికీ తేలిక మ్యాచ్ ఉండదు. ఈ పద్ధతి 2018లో పెట్టినప్పటి నుంచి వాటర్‌ఫర్డ్ ఒక్కసారి కూడా ఈ గుంపు దాటి బయటపడలేదు. వాళ్లను లెన్‌స్టర్‌లో వేసి ఉంటే కథ వేరుగా ఉండేదని నా గట్టి నమ్మకం.

షాండన్ గంట (కార్క్)
ఏప్రిల్ 28

కార్క్ 4-27, టిప్పరరీ 0-24. పదిహేను పాయింట్లు!

బంతి ఇంకా వేయనే లేదు, టిప్పరరీ కుర్రవాడు డారా మెకార్తీ ఎర్రకార్డు తిని బయటికి నడిచాడు. పందొమ్మిదేళ్లవాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన టీ ఫ్లాస్కు మూత తిప్పి తల ఎత్తేసరికే పద్నాలుగు మంది మిగిలారు, ఏం జరిగిందని ఆయన నన్ను అడిగారు, నాకూ తెలియదు.

నీలంపసుపు అక్కా, మీ మీద గౌరవంతోనే అంటున్నాను: టిప్పరరీ కథ ఈ ఏటికి ముగిసింది. కార్క్ ముందు నిలబడే జట్టు ఇప్పుడు ఐర్లండ్‌లో లేదు. రాసి పెట్టుకోండి.

నీలంపసుపు (క్లాన్‌మెల్)
ఏప్రిల్ 28

రాసి పెట్టుకున్నాను తమ్ముడూ.

షానన్ ఒడ్డు (లిమరిక్)
మే 11

ఎన్నిస్‌లో టిప్పరరీ 4-18, క్లేర్ 2-21. మెకార్తీ నిషేధంలో ఉండగానే, అదీ పోయిన ఏటి విజేతల ఇంట్లో. అక్కా, శుభాకాంక్షలు. క్లేర్ ఇక గుంపు దాటడం కష్టం.

షానన్ ఒడ్డు (లిమరిక్)
మే 18

లిమరిక్ 3-26, కార్క్ 1-16.

పదహారు పాయింట్లు. ‘కార్క్ ముందు నిలబడే జట్టు ఇప్పుడు ఐర్లండ్‌లో లేదు’ అని ఎవరో రాసినట్టు గుర్తు. నిజమే, మేము నిలబడలేదు, పరుగెత్తాం.

షాండన్ గంట (కార్క్)
మే 19

ఆ మాట ఈ చర్చలో ఎన్నిసార్లు తిరిగి వస్తుందో లెక్క పెట్టుకుంటున్నాను. ఇది ఒకటి.

షాండన్ గంట (కార్క్)
జూన్ 8

నిన్న రాత్రి పన్నెండు దాటాక ఇల్లు చేరాను. లిమరిక్ మైదానంలో మన్‌స్టర్ ఫైనల్. అదనపు సమయం అయ్యాక కార్క్ 1-30, లిమరిక్ 2-27. కూడుకోండి, ఇద్దరికీ ముప్పై మూడే. ఆ తర్వాత పెనాల్టీలు. మన్‌స్టర్ ఫైనల్ పెనాల్టీలతో తేలడం ఇంతవరకూ లేదు. 3-2తో కార్క్. మూడు వారాల కిందట అదే గడ్డి మీద పదహారు పాయింట్లతో తన్నులు తిన్న జట్టు! లిమరిక్ వరుసగా ఆరేళ్లు చేతిలో పెట్టుకున్న కప్పు ఏడో ఏట జారింది.

పెనాల్టీలతో తేల్చడం న్యాయం కాదని ఇప్పుడు లిమరిక్‌వాళ్లు వ్యాసాలు రాస్తారు. రాయనివ్వండి.

షానన్ ఒడ్డు (లిమరిక్)
జూన్ 8

న్యాయం కాదు. డెబ్భై నిమిషాలు, ఆపైన ఇరవై నిమిషాలు ముప్పై మంది కలిసి ఆడిన ఆటను ఒక్కొక్కరుగా వచ్చి కొట్టే దెబ్బలతో తేల్చడమేమిటి? మళ్లీ మ్యాచ్ పెట్టే పాత పద్ధతే మేలు. ఓడిపోయాం కనుక అనడం లేదు. (ఓడిపోయాం కనుకనే అంటున్నాను.)

లిఫీ తీరం (డబ్లిన్)
జూన్ 21, రాత్రి

నేను ఈ చర్చలో పెద్దగా మాట్లాడను. ఎందుకంటే డబ్లిన్ హర్లింగ్ గురించి మాట్లాడడానికి ఏముంటుంది? ఈ ఊళ్లో గేలిక్ ఫుట్‌బాల్ అడిగితే తాతల నాటి కథలు చెబుతారు, హర్లింగ్ అంటే మాట మారుస్తారు.

ఈ రోజు క్రోక్ పార్కులో డబ్లిన్ 2-24, లిమరిక్ 0-28. ఆట మొదలైన పావుగంటకే మా క్రిస్ క్రమీకి ఎర్రకార్డు. ఆ తర్వాత మిగిలిన సమయమంతా పద్నాలుగు మంది. ఎదురుగా గత ఏడేళ్లలో అయిదు కప్పులు గెలిచిన జట్టు. అయినా జాన్ హెదర్టన్ రెండు గోల్స్ కొట్టాడు. మా పైవాటాలో ఉండే గాల్వే పెద్దాయన సంతోషం పట్టలేక నన్ను కౌగిలించుకున్నారు. తన జట్టు అదే రోజు టిప్పరరీ చేతిలో ఓడిన సంగతి ఆయనకు అప్పటికి తెలియదు.

షానన్ ఒడ్డు గారూ, ఉన్నారా?

షానన్ ఒడ్డు (లిమరిక్)
జూన్ 24

ఉన్నాను. వంట చేసుకుంటున్నాను.

నిర్వాహకుడు
జూన్ 25

లిమరిక్ పరాజయంపై వచ్చిన పదకొండు పరిహాసపు టపాలు తొలగించాను. పన్నెండోది బాగుందని ఉంచాను, తర్వాత అదీ తొలగించాను.

లిఫీ తీరం (డబ్లిన్)
జూలై 5

కార్క్ 7-26, డబ్లిన్ 2-21. ఏడు గోల్స్. నా మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, ఫుట్‌బాల్ కథలే చెప్పుకుంటాం.

నోర్ నది (కిల్‌కెన్నీ)
జూలై 7

ఎప్పుడూ చదివి వెళ్లిపోయేవాణ్ణి, ఈ రోజు ఆగలేక ఖాతా తెరిచాను. నిన్నటి సెమీఫైనల్: టిప్పరరీ 4-20, కిల్‌కెన్నీ 0-30. రెండు పాయింట్ల తేడా. కానీ మైదానంలో బోర్డు మూడు పాయింట్ల తేడా చూపించింది! చివర్లో టిప్పరరీ ఆటగాడు నోయెల్ మెక్‌గ్రా కొట్టిన ఒక బంతి బయటికి పోయింది, అంపైరు అలాగే చూపించాడు, బోర్డు మాత్రం దాన్ని పాయింటుగా లెక్కేసింది. మూడు తేడా అనుకుంటే గోల్ కోసం పోతాం. రెండే అని తెలిస్తే ఒక్కొక్క పాయింటు తెచ్చుకుని సమం చేయాలని చూస్తాం. రెండూ పూర్తిగా వేరు ఆటలు. మావాళ్లు చివరి క్షణాల్లో గోల్ కోసమే పోయారు, వాళ్ల గోలీ రిస్ షెల్లీ అడ్డుపడ్డాడు.

అసలు స్కోరు 4-20 అని సంఘం ఆ తర్వాత ధ్రువీకరించింది. అంతే. లెన్‌స్టర్‌లో వరుసగా ఆరోసారి గెలిచాం, అఖిల ఐర్లండ్ కప్పు 2015 తర్వాత లేదు. బోర్డు సరిగా ఉంటే గెలిచేవాళ్లమని నేను అనను. కానీ తెలిసి ఓడడం వేరు.

నీలంపసుపు (క్లాన్‌మెల్)
జూలై 7

నోర్ నది గారూ, మీ కోపం న్యాయమైనదే. బోర్డు తప్పు మాకు లాభించిందనే మాట కాదనలేను. అయితే ఒక మాట: లెక్క చివర్లో మాత్రమే తప్పింది. మీరు మ్యాచ్ అంతా కలిపి ఒక్క గోల్ కూడా వేయలేదు, మేము నాలుగు వేశాం. అదీ చివర్లో మళ్లీ పద్నాలుగు మందితోనే. మెకార్తీకి రెండో పసుపుకార్డు. ఒకే ఏడాదిలో రెండుసార్లు బయటికి పంపారు ఆ పిల్లవాణ్ణి. రెండు పసుపుకార్డులకు తర్వాతి మ్యాచ్ నిషేధం ఉండదు కనుక ఫైనల్ ఆడతాడు. మా మేనేజర్ లియామ్ కేహిల్ స్థానంలో నేనుంటే ఇంట్లో పెట్టి తాళం వేసి, ఆదివారం ఉదయం తీసేదాన్ని.

షాండన్ గంట (కార్క్)
జూలై 14

టికెట్ దొరికింది! కొత్తవాళ్లకు చెబుతున్నాను, ఫైనల్ టికెట్లు అంగట్లో దొరికే సరుకు కాదు. కౌంటీ బోర్డుకు వస్తాయి, అక్కడి నుంచి క్లబ్బులకు, క్లబ్బు నుంచి సభ్యులకు. రెండేళ్లుగా శనివారం ఉదయాలు పిల్లల మైదానంలో సున్నం గీతలు గీసింది ఈ రోజు పనికి వచ్చింది. ఆ మాట క్లబ్బు కార్యదర్శి నవ్వుతూ నాతోనే అన్నారు. సిగ్గుపడలేదు.

కార్క్, టిప్పరరీ అఖిల ఐర్లండ్ ఫైనల్‌లో తలపడడం చరిత్రలో ఇదే తొలిసారి. రెండూ మన్‌స్టర్‌వే, పూర్వం ఇద్దరిలో ఒకరు మన్‌స్టర్‌లోనే ఆగిపోయేవారు.

షాండన్ గంట (కార్క్)
జూలై 20, విరామ సమయం

కార్క్ 1-16, టిప్పరరీ 0-13. ఇంతకుముందే షేన్ బారెట్ గోల్. ఆరు ఆధిక్యం. చేతులు వణుకుతున్నాయి. ఎవరూ ఏమీ రాయవద్దు, దిష్టి తగులుతుంది.

బెజవాడ శ్రోత (విజయవాడ)
జూలై 20

డబ్బు కట్టి కంప్యూటర్‌లో చూస్తున్నాను. మా తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు. దిష్టి తగలకుండా ఇక్కడ మా అమ్మ చేత మిరపకాయలు తిప్పించమంటారా?

బెజవాడ శ్రోత (విజయవాడ)
జూలై 20

ఏం జరుగుతోంది అక్కడ?

బెజవాడ శ్రోత (విజయవాడ)
జూలై 20

అయ్యో.

నీలంపసుపు (క్లాన్‌మెల్)
జూలై 20, రాత్రి

టిప్పరరీ 3-27, కార్క్ 1-18. ఇరవై తొమ్మిదో కప్పు.

ఇంకేమీ రాయలేను. ఏడుస్తున్నాను. వార్డులో రోగులు కూడా ఏడుస్తున్నారు, అందులో ఒకాయన కార్క్ మనిషి.

నోర్ నది (కిల్‌కెన్నీ)
జూలై 21

రెండో సగం లెక్క చూడండి. టిప్పరరీ 3-14, కార్క్ 0-2. ముప్పై అయిదు నిమిషాల్లో రెండంటే రెండు పాయింట్లు. దీన్ని ‘కుప్పకూలారు’ అని ఒక్క మాటలో తేల్చేస్తున్నారు పత్రికలవాళ్లు, నాకు అది నచ్చలేదు. టిప్పరరీవాళ్లు బ్రయన్ ఓమారాను వెనుక అదనపు కావలిగా నిలబెట్టారు. డబ్లిన్ మీద కార్క్‌కు ఏడు గోల్స్ వచ్చింది పొడవాటి బంతులు తమ ముందు వరుసలోని బ్రయన్ హేస్ చుట్టూ పడేసినందుకే. ఆ దారి మూసేశారు. ఇది కార్క్ చేసిన తప్పుకన్నా టిప్పరరీ వేసిన పథకం.

షానన్ ఒడ్డు (లిమరిక్)
జూలై 21

ఒప్పుకోను. అదనపు కావలి గోల్స్‌ను ఆపుతాడు. అరవై మీటర్ల దూరం నుంచి బార్ మీదుగా పోయే బంతిని ఎలా ఆపుతాడు? పైగా ఒకణ్ణి వెనుక పెడితే అవతలివాళ్లకు ఒక మనిషి ఖాళీగా మిగులుతాడు. మొదటి సగంలో కార్క్ ఆ ఖాళీ మనిషిని వాడుకుని పదహారు పాయింట్లు కొట్టింది. రెండో సగంలో ఓమారా అక్కడే ఉన్నాడు, కార్క్ లేదు. టిప్పరరీ జాన్ మెక్‌గ్రా గోల్ పడగానే కార్క్‌వాళ్ల మొహాలు చూడండి. నిరుటి ఫైనల్ కళ్ల ముందుకు వచ్చింది వాళ్లకు. ఆ తర్వాత కార్క్ ఓయన్ డౌనీకి రెండో పసుపుకార్డు, పెనాల్టీ, మెకార్తీ గోల్. అంతలోనే మెక్‌గ్రా రెండోది. కార్క్‌కు దొరికిన పెనాల్టీని కానర్ లెహేన్ కొడితే షెల్లీ ఆపేశాడు. ఆపడమే కాదు, ఆ గోలీ తన వైపు నుంచి కొట్టి ఒక పాయింటు కూడా తెచ్చాడు. కార్క్ ముందు వరుస మొత్తం కలిసి ఆ సగంలో తెచ్చింది రెండు, టిప్పరరీ గోలీ ఒక్కడే తెచ్చింది ఒకటి!

నీలంపసుపు (క్లాన్‌మెల్)
జూలై 22

ఇద్దరూ మా పిల్లవాణ్ణి మరిచిపోయారు. ఏప్రిల్‌లో బంతి వేయకముందే బయటికి. జూలైలో సెమీఫైనల్‌లో బయటికి. ఫైనల్‌లో 1-13. అంటే మొత్తం పదహారు. కార్క్ మొత్తం ఇరవై ఒకటి. పెనాల్టీ కొట్టడానికి వాడు నడిచి వస్తుంటే నేను తెర వైపు చూడలేదు, మందుల బండి వైపు చూశాను.

ఇంకొకటి. చివర్లో నోయెల్ మెక్‌గ్రాను మైదానంలోకి దించారు. 2010, 2016, 2019, ఇప్పుడు 2025. నాలుగో పతకం. 2015లో క్యాన్సర్‌కు చికిత్స చేయించుకున్న మనిషి. నోయెల్, జాన్, అన్నదమ్ములిద్దరూ ఒకే సాయంత్రం. ఇవి చూశాక అదనపు కావలి గురించి మీరు ఎంతసేపైనా వాదించుకోండి.

బెజవాడ శ్రోత (విజయవాడ)
జూలై 23

షాండన్ గంట గారు ఆదివారం నుంచి కనిపించడం లేదు. మా తమ్ముడు కూడా ఫోను ఎత్తడం లేదు. ఇద్దరూ ఒకరేనేమో అని అనుమానంగా ఉంది.

షాండన్ గంట (కార్క్)
జూలై 24

ఒకరం కాము. మీ తమ్ముడికి సానుభూతి తెలియజేయండి.

ఏప్రిల్ 28న నేను రాసింది నేనే తీసి ఇక్కడ పెడుతున్నాను, ఎవరూ శ్రమ పడవద్దు: ‘టిప్పరరీ కథ ఈ ఏటికి ముగిసింది. కార్క్ ముందు నిలబడే జట్టు ఇప్పుడు ఐర్లండ్‌లో లేదు.’ ఆ రోజు మేము గెలిచింది పదిహేను పాయింట్లతో. ఆదివారం ఓడింది పదిహేను పాయింట్లతో. పైసా ఎక్కువ తక్కువలు లేకుండా బాకీ తీర్చారు.

మీ వాదన రెండు రోజులుగా చదువుతున్నాను. నాకు తోచింది చెబుతాను. ఏప్రిల్‌లో మేము గెలిచింది పద్నాలుగు మంది మీద. ఆట మొదలు కాకముందే ఒక మనిషి లేని జట్టును పదిహేనుతో ఓడించి, దాన్ని పూర్తి లెక్కగా రాసుకున్నాం. ఆటగాళ్ల సంగతి నాకు తెలియదు, నేనైతే అలాగే రాసుకున్నాను. డబ్లిన్ మీద ఏడు గోల్స్‌నూ అదే ఖాతాలో వేశాను. మే నెలలో లిమరిక్ కొట్టిన పదహారును మాత్రం పొరపాటున జరిగిందని పక్కన పెట్టాను. అది ఒక్కటే నిజం లెక్క కావచ్చు.

మైదానంలో ఎలా ఉందని అడుగుతారు. మూడో గోల్ తర్వాత మెట్ల మీద ఎర్ర చొక్కాలు లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టాయి. నేను వెళ్లలేదు, గీతలు గీసి సంపాదించిన టికెట్ కదా. చివరి ఈల దాకా కూర్చున్నాను. టిప్పరరీ కెప్టెన్ రోనన్ మహర్ కప్పు ఎత్తడం కూడా చూశాను. పక్కనున్న టిప్పరరీ ఆవిడ సగం శాండ్‌విచ్ ఇచ్చింది. తిన్నాను.

నీలంపసుపు (క్లాన్‌మెల్)
జూలై 24

తమ్ముడూ, ఏప్రిల్‌లో రాసి పెట్టుకున్న కాగితం చింపేశాను. థర్లెస్ వైపు వస్తే భోజనానికి రా. గోంగూర దొరికింది.

లిఫీ తీరం (డబ్లిన్)
నవంబరు 3

చర్చ మూసేలోగా మిగిలినవి: జాన్ మెక్‌గ్రా ఈ ఏటి ఉత్తమ ఆటగాడు, డారా మెకార్తీ ఉత్తమ యువ ఆటగాడు. కార్క్‌లో మేనేజర్ పాట్ రయన్ తప్పుకున్నారు, బెన్ ఓకానర్ వచ్చారు. 2004లో కార్క్ కప్పు గెలిచినప్పుడు కెప్టెన్ ఆయనే. లెన్‌స్టర్ గుంపు నుంచి ఆంట్రిమ్ కింది స్థాయికి వెళ్లింది, కిల్డేర్ పైకి వచ్చింది. లెన్‌స్టర్‌లో వచ్చే ఏడు డబ్లిన్‌కు కొత్త పొరుగు.

నిర్వాహకుడు
నవంబరు 4

ఈ చర్చ ముగిస్తున్నాను. 2026కు కొత్తది తెరుస్తాను. షాండన్ గంట గారూ, శీర్షికలో ‘ఇరవై ఏళ్ల కరవు’ అని అలాగే ఉంచాలా?

షాండన్ గంట (కార్క్)
నవంబరు 4

ఇరవై ఒకటి అని మార్చండి.